కాజాలు ఒక్కటే మిగిలాయి

టైలరు గ్లాసు పట్టుకుని పెద్దమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద చేరాడంటే ఆ పూట ఎవరి బట్టలో ఆగిపోయాయని అర్థం. ఈసారి ఆగింది సొంత బావ యూనిఫాం. అక్క మొగుడికి టూరిస్టు బస్సు డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున్నే ఖాకీ చొక్కా లేకుండా వెళితే స్టీరింగు ముట్టుకోనివ్వరు. బొమ్మలేసిన ఆ కొత్త బస్సు రోడ్డుకి అవతల, టైలరు కొట్టుకి ఎదురుగా నిలబెట్టి ఉంది.

"కాజాలు ఒక్కటే మిగిలాయి బావా. టీ తాగి లేచానంటే అయిపోయినట్టే," అన్నాడు టైలరు, పక్కనే కూర్చున్న బావతో.

"నా చొక్కాకీ ఇదే మాట చెప్పాడు," అన్నాడు సైకిళ్ల మేస్త్రి. "కాజాలు ఒక్కటే అన్నాడు, వెళ్లి చూస్తే గుడ్డకి కత్తెరే తగల్లేదు."

"నిన్న ఆదివారం, నేను కొట్టు తియ్యలేదు. నువ్వైనా పని చేశావుట్రా?" అంది పెద్దమ్మ.

"నిన్న నేను ఊళ్లో ఉంటేగా పెద్దమ్మా! కోట, గుహ, జలపాతం, సూర్యాస్తమయం కొండ, అన్నీ ఒక్కరోజులో చుట్టేసి వచ్చాను. ముందు కోట. చూడ్డానికి వచ్చినవాళ్లంతా బయటే నిలబడ్డారు, ఎందుకంటే తాళం పట్టేసింది, కాపలావాడు చెమటలు కక్కుతున్నాడు. నేనెప్పుడూ కాలరు వెనక సూది గుచ్చుకునే తిరుగుతానా, తీసి తాళంలో పెట్టి ఇలా అన్నాను, టక్కున ఊడొచ్చింది. నా ఒంటి మీద ఖాకీ చొక్కా చూసి వాడు సెల్యూట్ కూడా కొట్టాడు."

బావ గ్లాసు కింద పెట్టాడు. "ఖాకీ చొక్కానా?"

"నీదే బావా. కుదిరిందో లేదో తొడుక్కుంటేగాని తెలియదుగా, నీ కోసమే వేసుకెళ్లాను. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుహ. లోపల కాటుక చీకటి. దారి చూపించేవాడే దారి తప్పాడు, పిల్లలు ఏడుపు, పెద్దలు కేకలు. నేను వచ్చేటప్పుడే గుమ్మం దగ్గర రాయికి దారం కట్టి, రీలు వదులుకుంటూ వచ్చాను కదా, అందర్నీ ఆ దారం పట్టుకోమని, పూసలు గుచ్చినట్టు గుచ్చి బయటికి తెచ్చేశాను. గబ్బిలాలు కూడా బుద్ధిగా వరసలో నిలబడ్డాయి."

"గబ్బిలాలు నిలబడతాయట్రా?"

"తలకిందులుగానే నిలబడ్డాయి పెద్దమ్మా, అబద్ధం చెబుతానా? ఇక జలపాతం దగ్గరికి వెళితే ఏముంది, పైనుంచి కింద దాకా నిట్టనిలువునా చీలి రెండు ముక్కలై ఉంది. ఫోటోలు తీసుకుందామని వచ్చినవాళ్లంతా ఉసూరుమన్నారు. చిరుగు కంటపడితే నా చేతులు ఊరుకుంటాయా? గబగబా పైకెక్కి, రెండంచులూ దగ్గరికి లాగి, లోపలికి మడిచి, అతుకు కనపడకుండా కుట్టేశాను."

"నీళ్లని కుడితే కుట్టు నిలుస్తుందా?" అన్నాడు మేస్త్రి.

"పొడి దారమైతే నిలవదు. నేను తడిపి ఎక్కించాను. పనివాడికి ఆ మాత్రం తెలియకపోతే ఎలా? ఇంతా చేసి కొండెక్కేసరికి సూర్యుడు సగం దిగిపోయాడు. ఒక అవ్వ ఇంకా మెట్ల మీదే ఉంది, 'ఇంత దూరం వచ్చీ చూడకుండా పోతానా నాయనా' అంది. నా మనసు కరిగిపోయింది. చెయ్యి చాపి, సూర్యుడి అంచు పట్టుకుని పైకి లాగి, ఆకాశానికి నాలుగు కచ్చా కుట్లు వేశాను. అవ్వ తీరిగ్గా వచ్చి, కూర్చుని, ఆయాసం తీర్చుకుని, కళ్లారా చూసింది. అప్పుడు దారం లాగేశాను, చక్కగా దిగిపోయాడు."

"చెయ్యి కాలలేదూ?" అంది పెద్దమ్మ.

"వేలికి ఇత్తడి తొడుగు ఉందిగా!"

"అంత పనివాడివి, గట్టి కుట్టే వెయ్యలేకపోయావా?"

"వేస్తే ఇవాళ ఇక్కడ తెల్లారేదా? మన ఊరి సంగతి కూడా ఆలోచించాలిగా మేస్త్రీ!"

బావ మెల్లగా అడిగాడు. "కొండ మీద గాలి గట్టిగా ఉంటుందే. చొక్కా ఎగరలేదూ?"

"ఎగరనిస్తానా బావా? మెడ దాకా గుండీలన్నీ పెట్టేశాను!"

"దేంట్లో పెట్టావు?"

"అంటే?"

"గుండీలు దేంట్లో పెట్టావు? కాజాలు ఒక్కటే మిగిలాయన్నావుగా."

టైలరు ఖాళీ గ్లాసులోకి చూశాడు. కాజాలు అయ్యాయంటే చొక్కా ఇప్పుడే తెచ్చి చేతిలో పెట్టాలి. కాలేదంటే కోటతో సహా అన్నీ కూలిపోతాయి.

"కాజాలు... ఇంకా కుట్టలేదు బావా."

"మరి జలపాతం?" అన్నాడు మేస్త్రి, ఆశ చావక.

బావ రోడ్డు అవతలికి వేలు చూపించాడు. బస్సు పక్క భాగమంతా బొమ్మలు. వెనక చక్రం దగ్గర కోట, దాని పక్కన గుహ, ఆ పక్కన జలపాతం, ముందు చక్రం పైన కొండ మీద సూర్యుడు. జలపాతం సరిగ్గా నడిమధ్యన ఎమర్జెన్సీ తలుపు సందు పైనుంచి కింద దాకా ఉంది. బొమ్మ నిలువునా రెండు ముక్కలు.

"శనివారం నుంచీ ఈ బస్సు నీ మిషనుకి ఎదురుగానే ఉంది," అన్నాడు బావ.

మేస్త్రి ఊరుకోలేదు. కొట్లోకి వెళ్లి ఖాకీ చొక్కా పట్టుకొచ్చాడు. కాలరు, జేబులు, భుజాల పట్టీలు, అన్నీ శుభ్రంగా కుదిరాయి. ముందు పట్టీ మీద మాత్రం కాజాలు రావలసిన చోట సుద్దగీతలు.

"నిజంగానే కాజాలు ఒక్కటే మిగిలాయి!" టైలరు సూర్యుణ్ణి కుట్టానన్నప్పుడు కూడా మేస్త్రి అంత నోరు తెరవలేదు.

"అయితే ఆదివారమంతా మిషను మీదే కూర్చున్నావుట్రా? ఆ ముక్కే చెప్పొచ్చుగా!" అంది పెద్దమ్మ.

"చెబితే ఎవరు నమ్ముతారు పెద్దమ్మా?"

బావ చొక్కా కుట్లు వేలితో తడిమి చూశాడు. ఎక్కడా వంక దొరకలేదు. "అబద్ధమాడటం తప్పే. కాకపోతే పని చేసి ఆడావు. లే, కాజాలు కుట్టు. రేపు నా వెనక సీటు నీదే."

టైలరు లేచి నిలబడ్డాడు. "నిజంగా తీసుకెళతావా బావా?"

"తీసుకెళతాను. సూది దారం మాత్రం ఇంట్లో పెట్టి రా. సూర్యుడు వేళకి దిగితేనే నేను డ్యూటీ దిగేది."