అడిగి ఆగే టీచరమ్మ

అమ్మలారా, అయ్యలారా, నాతోపాటు ఈ బెంచీలు అరగదీసిన మిత్రులారా! పనులు మానుకుని వచ్చారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మన టీచరమ్మ ఇక లేరు. ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆవిడకు నిదానం టీచరని ఎందుకు పేరు పెట్టాం? ప్రశ్న అడిగి ఆగేవారు గనక. పక్కవాళ్లు అందించకూడదు, తెలిసినవాళ్లు చెయ్యెత్తకూడదు. "తొందరేం లేదు, ఆలోచించుకో" అని, ఆ పిల్ల నోరు విప్పేదాకా నిలబడేవారు.

మరి అప్పట్లో మనకు వచ్చిన చదువేమిటి? నాలుగు జవాబుల్లో ఒకదాని పక్కనున్న సున్నాను నల్లగా దిద్దడం! పాఠాలు మూలనపడ్డాయి. ఏడాది పొడుగునా నమూనా పరీక్షలే. తెలియకపోతే మూడోది దిద్దెయ్యమని పెద్ద క్లాసువాళ్లు మంత్రోపదేశం కూడా చేశారు. ఒకరోజు ఆవిడ మన బుడంకాయ్‌ని, మీ నాన్న ఏం పని చేస్తారని అడిగారు. అదిగో, ఆ స్తంభం చాటున దాక్కున్నాడు చూడండి! వాడు బుర్ర గోక్కుని, "ఆప్షన్లు చెప్పండి టీచర్" అన్నాడు. మనమంతా పడీపడీ నవ్వాం. ఆవిడ నవ్వలేదు. మర్నాటి నుంచి జవాబులున్న భాగం మడిచేసి, ప్రశ్న ఒక్కటే చదివేవారు. చదివి ఆగేవారు.

ఆ ఏడాది మార్కులు తగ్గితే బడి మూసేస్తామన్నారు. పెద్ద అధికారి ఒకాయన తల్లిదండ్రుల మీటింగు పెట్టి, చదువురాని పిల్లల్ని పరీక్షనాడు ఇంట్లోనే ఉంచెయ్యమని తియ్యగా సెలవిచ్చారు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. కుట్టుమిషను దగ్గర్నుంచి లేచొచ్చిన మా అమ్మ, చీరకు దారప్పోగులతోనే వెనక వరసలో కూర్చుంది. టీచరమ్మ లేచారు. కేకలెయ్యలేదు. "ఏ పిల్ల వద్దో, ఆ పిల్ల తల్లి మొహం చూసి చెప్పండి సార్" అన్నారు. అని, ఆగారు. అలవాటే కదా! ఆయన ఫైలు సర్దుకుని వెళ్లిపోయారు.

అందరం పరీక్ష రాశాం. మన బడి మార్కుల పట్టికలో అట్టడుగున పడింది. ఆవిడకు మెమో వచ్చింది. "పోతే పోయింది, మనవాళ్లంతా రాశారుగా" అన్నారట. తాళం వెయ్యడానికి వచ్చినప్పుడు మన తల్లులే గేటుకు అడ్డంగా కూర్చున్నారు. వాళ్లకు ఆ ధైర్యం ఎక్కడిది? వాళ్లు కదలకపోబట్టే ఈ బడి, ఈ హాలు ఇంకా మనవి.

నేనిప్పుడు నర్సుని. ఎక్కడ నొప్పి అని అడిగి ఆగుతాను. అది ఏ పరీక్షలో వచ్చింది నాకు? టీచరమ్మ చివరి రోజులు మా వార్డులోనే గడిచాయి. పక్షవాతంతో మాట పడిపోయింది. ఏం కావాలి టీచర్ అని అడిగి, మంచం పక్కన నిలబడ్డాను. డాక్టరు తొందరపెట్టారు. నేను కదల్లేదు. చాలాసేపటికి ఆ వంకరపోయిన పెదవులు కదిలాయి. "ఆప్షన్లు... చెప్పు" అన్నారు. అని నవ్వారు. బుడంకాయ్, ఆనాడు నవ్వని నవ్వు అన్నేళ్లు దాచుకున్నారురా ఆవిడ!

ఏడుద్దామని వచ్చాను. తల్చుకునేకొద్దీ మన అదృష్టమే గుర్తొస్తోంది. అందరూ లేచి నిలబడండి. ఎంతమందికోసమో మౌనంగా ఆగారు, ఇవాళ ఆవిడకోసం మనం ఆగుదాం. ఎంతసేపని నన్నడక్కండి. తొందరేం లేదు.