పెంచి పంపించిన సాతెనిక్ గారు

1997 సెప్టెంబరు పదిహేనవ తేదీ సోమవారం ఉదయం శ్రీమతి సాతెనిక్ మెల్కుమ్యాన్ గారు వనాద్జోర్ చిన్న వ్యాపారాల ఇంక్యుబేటర్ కేంద్రంలో సలహాదారుగా బాధ్యతలు స్వీకరించారు. స్వీకరించారని మర్యాద కోసం అంటున్నాం గానీ, ఆనాడు స్వీకరించడానికి అక్కడ ఒక బల్ల, రెండు కుర్చీలు, పగిలిన కిటికీకి అడ్డం పెట్టిన అట్టముక్క తప్ప మరేమీ లేవు. మూతపడిన అల్లిక కర్మాగారంలో ఒకప్పటి భోజనశాల అది. గోడలకు ఇంకా క్యాబేజీ సూపు వాసన అంటుకునే ఉండేది.

అంతకు పూర్వం ఆమె చాలా ఏళ్ళ పాటు పట్టణంలోని సాంకేతిక విద్యాలయంలో రాజకీయ అర్థశాస్త్రం బోధించారు. సొంత లాభం కోసం కొని అమ్మేవాడు సమాజానికి శత్రువని, అటువంటి వాణ్ణి చట్టం శిక్షిస్తుందని తరాల విద్యార్థులకు నేర్పి పరీక్షలు పెట్టి మార్కులు వేశారు. తరువాత సోవియట్ దేశం లేకుండా పోయింది, ఆ పాఠమూ పోయింది, దానితోపాటు ఆమె ఉద్యోగమూ పోయింది. కరెంటు లేని ఆ శీతాకాలాల్లో పార్కులో కొట్టి తెచ్చిన కట్టెలతో ఇల్లు వెచ్చబెట్టుకుంటూ, రసాయన కర్మాగారంలో పని పోయి ఇంట్లో కూర్చున్న భర్త రజ్మిక్ గారికి ధైర్యం చెబుతూ ఆమె కాలం గడిపారు. విదేశీ సహాయ సంస్థ ఒకటి మన కేంద్రాన్ని ప్రారంభించి, అర్థశాస్త్రం తెలిసినవారు కావాలని ప్రకటించినప్పుడు, తాను ఇన్నాళ్ళూ చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకమైనది చెప్పవలసి ఉంటుందని తెలిసే ఆమె దరఖాస్తు చేశారు.

ఆ తొలి రోజుల్లో మన పేరే మనకు చిక్కు తెచ్చిపెట్టింది. వనాద్జోర్‌లో ఇంక్యుబేటర్ అంటే అందరికీ తెలిసింది కోళ్ళ ఫారంలో గుడ్లు పొదిగే యంత్రమే. బోర్డు పెట్టిన వారం లోపే ఒక వృద్ధురాలు శాలువాలో గుడ్లు మూటగట్టుకుని వచ్చి, వీటిని పొదిగించి పెట్టమని అడిగింది. ఇక్కడ పొదిగేది వ్యాపారాలనే గానీ గుడ్లను కాదని సాతెనిక్ గారు ఎంతో ఓపికగా వివరించారు. ఆ ముసలమ్మ అంతా విని, "కరెంటు ఉన్న మీరే పిల్లల్ని తీయకపోతే ఇంకెవరు తీస్తారమ్మా? వ్యాపారాలు తింటామా?" అని కోప్పడి వెళ్ళిపోయింది. ఆ మాటను సాతెనిక్ గారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

వ్యాపారం మొదలుపెట్టేవారికి తక్కువ అద్దెకు ఒక గది, అందరికీ కలిపి ఒక టెలిఫోను, పన్నుల లెక్కల్లో సాయం, అడిగినప్పుడల్లా సలహా, ఇదీ కేంద్రం ఇచ్చేది. మూడేళ్ళు నిండగానే గది ఖాళీ చేసి సొంతంగా బయట నిలబడాలి, ఆ గది తరువాతి వారికి దక్కాలి అన్నది ఒకే ఒక్క నియమం.

మొదటి గదుల్లో ఒకటి శ్రీ వాఘినాక్ సహక్యాన్ గారిది. అదే కర్మాగారంలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన మనిషి. తుక్కు కింద పోబోతున్న రెండు అల్లిక యంత్రాలను కాపాడి, విప్పి, మళ్ళీ బిగించి, ఉన్ని మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టారు. మేజోళ్ళు అద్భుతంగా వచ్చాయి. గదిలో అటకదాకా పేరుకున్నాయి కూడా, ఎందుకంటే ఆయన వాటిని అమ్మలేకపోయారు. బజారుకు వెళ్ళమంటే ఏదో ఒక సాకు చెప్పేవారు. చివరికి ఒకనాడు అసలు సంగతి బయటపెట్టారు. సాయంకాలపు తరగతుల్లో ఆయన ఒకప్పుడు సాతెనిక్ గారి విద్యార్థి.

"టీచరుగారూ, కొని అమ్మేవాడు దొంగతో సమానమని మీరే కదండీ చెప్పారు? నా కింద నాలుగు వందల మంది పనిచేశారు. ఇప్పుడు నేను సంతలో నిలబడి మేజోళ్ళు మేజోళ్ళని అరవాలా?"

"చెప్పాను. మీకు మంచి మార్కులు కూడా వేశాను," అన్నారు సాతెనిక్ గారు. "ఆదివారం పొద్దున్నే రండి, ఇద్దరం కలిసే వెళ్దాం."

ఆ ఆదివారం మంచు కురుస్తూనే ఉంది. ఇద్దరూ బజారులో ఒక బల్ల మీద మేజోళ్ళు పరిచి, దాని వెనుక నిటారుగా నిలబడ్డారు. సలహా ఇచ్చినంత సులభంగా నోరు పెగలదని సాతెనిక్ గారికి అక్కడే అనుభవమయింది. తెలిసిన ముఖం కనబడినప్పుడల్లా ఆమె తలగుడ్డ సర్దుకోసాగారు, వాఘినాక్ గారు బూట్ల వైపు చూసుకోసాగారు. పక్కబల్ల మీద ఊరగాయలు అమ్ముకునే ఆవిడ చాలాసేపు చూసి చూసి, "మీరిద్దరూ సరుకు అమ్మడానికొచ్చారా, ఎవరి శవం దగ్గరికైనా వచ్చారా?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే విద్యాలయపు పూర్వ అధిపతి ఆ దారిన వచ్చారు. సాతెనిక్ గారిని గుర్తుపట్టి, చూడనట్టు తల తిప్పుకోబోయారు. ఆ తల తిప్పుకోవడమే ఆమె బిడియాన్ని తెంచేసింది. "అయ్యా, మీ కాళ్ళు చల్లబడి ఉంటాయి, ఒకసారి ఇవి చూసి వెళ్ళండి," అని బజారంతా వినబడేలా పిలిచారు. ఆయన ఆగారు. ఒక జత కొన్నారు, కొంత దూరం వెళ్ళి వెనక్కి వచ్చి భార్యకు మరొక జత తీసుకున్నారు. మధ్యాహ్నానికి వాఘినాక్ గారి గొంతు కూడా లేచింది. ఇంటికి వెళ్ళాక ఆమె రజ్మిక్ గారితో, ఇంతకాలం పాఠం చెప్పాను, పరీక్ష మాత్రం ఈవాళే రాశాను అన్నారట.

అయితే సాతెనిక్ గారి ఉద్యోగ జీవితంలో నిజమైన పరీక్ష 2001 ఫిబ్రవరిలో ఎదురయింది. వాఘినాక్ గారికి మూడేళ్ళు నిండాయి. ఆరుగురు స్త్రీలు ఆయన వద్ద పనిచేస్తున్నారు, వ్యాపారం అప్పుడప్పుడే కుదుటపడుతోంది. వసంతం దాకా, కాకుంటే మరొక ఏడాది ఆగనివ్వమని ఆయన కోరారు. మరోవైపు షోఘిక్ అనే కుట్టుపని చేసే ఆవిడ ఆ గది కోసం ఏడాదిగా ఎదురుచూస్తున్నారు. 1988 భూకంపంలో ఇళ్ళు కూలినవారికి తాత్కాలికంగా ఇచ్చిన ఇనుప డబ్బా ఇంట్లోనే ఇద్దరు పిల్లలతో కాపురముంటూ, ఆ చెమ్మలోనే పిల్లల చలికోట్లు కుట్టేవారామె. కుట్టిన బట్టకు బూజు పట్టేది.

"నేను ఈ గోడల మధ్య ఉంటేనే మనిషినండి. బయటికి వెళ్తే మళ్ళీ పని పోయిన ఇంజనీరునే," అన్నారు వాఘినాక్ గారు.

"అది నిజమైతే, నేను మూడేళ్ళలో మీకేమీ నేర్పలేదన్నమాట," అన్నారామె. "కానీ అది నిజమని నేననుకోను. గది ఖాళీ చెయ్యండి."

మంచులో లారీ వచ్చింది. యంత్రాలు ఎక్కిస్తుండగా ఆమె ఒక చెయ్యి వేయబోతే, "వద్దండి, మీరు ముట్టుకోకండి," అని మాత్రం అన్నారాయన.

ఆయన ఊరి చివర ఒక గ్యారేజీ అద్దెకు తీసుకున్నారు. కరెంటు పోతూ వస్తూ ఉండేది. ఆ చలికాలం ముగియకముందే ఆరుగురిలో ముగ్గురిని ఆయన మాన్పించవలసి వచ్చింది. ఆ వార్త విన్న రోజు సాతెనిక్ గారు భోజనం చేయలేదని రజ్మిక్ గారు చెప్పారు. అయినప్పటికీ, బయటికి వెళ్ళిన వారికి కూడా సలహా ఇవ్వవలసిన బాధ్యత తనదేనని భావించి, ఆమె ప్రతి నెలా బస్సెక్కి ఆ గ్యారేజీకి వెళ్ళేవారు. వాఘినాక్ గారు పన్నుల గురించి అడిగేవారు, ఉన్ని ధర గురించి చెప్పేవారు, అంతే. కూర్చోమనేవారు కాదు, కాఫీ ఇచ్చేవారు కాదు. శత్రువు గడప తొక్కినా పొయ్యి మీద కాఫీ పెట్టే మన ఊళ్ళో అంతకు మించిన మాట మరొకటి అక్కర్లేదు.

"కాఫీ కూడా పొయ్యని చోటికి ఎందుకు వెళ్తావు సాతో?" అని రజ్మిక్ గారు విసుక్కున్నారు.

"యంత్రం నడుస్తోందో లేదో వినడానికి," అన్నారామె. "నా తీర్పు తప్పయితే ముందు నాకే తెలియాలి కదా."

యంత్రం ఆగలేదు. వాఘినాక్ గారు స్వయంగా గ్యుమ్రి పట్టణానికీ రాజధాని యెరెవాన్‌కూ సరుకు మోసుకెళ్ళి దుకాణాల గడపలెక్కారు. మాన్పించిన ముగ్గురినీ మరుసటి శరదృతువులో తిరిగి పిలిచారు, మరికొందరిని చేర్చుకున్నారు. అయినా సాతెనిక్ గారికి కాఫీ మాత్రం పోయలేదు.

2004లో విదేశీ సంస్థ తన సహాయం ముగించుకుని వెళ్ళిపోయింది. కేంద్రం పట్టణ పాలకవర్గం చేతికి వచ్చింది. కొత్తగా వచ్చిన అధికారి ఒకరు, ఇప్పుడున్న వారినే శాశ్వతంగా ఉంచుకుంటే అద్దెకు లోటుండదు కదా, మూడేళ్ళ నియమం ఎందుకని ప్రతిపాదించారు. ఉన్నవారూ, ఒకప్పుడు ఉండి వెళ్ళినవారూ అందరితో సమావేశం జరిగింది. గదుల్లో ఉన్నవారి ముఖాలు వికసించాయి. సాతెనిక్ గారు లేచి నియమం ఎందుకు అవసరమో చెప్పారు గానీ, సభలో ఒక్కరూ తల ఊపలేదు. గడువు ముగిసిపోతున్న షోఘిక్ గారు కూడా తల వంచుకుని కూర్చున్నారు. ఇంతలో వెనుక వరుసలో ఒక కుర్చీ కదిలిన చప్పుడయింది. వాఘినాక్ గారు లేచి నిలబడ్డారు.

"ఈవిడ నన్ను నడి చలికాలంలో బయటికి పంపారు," అన్నారు. "ఆ కోపంతో ఇన్నాళ్ళూ ఈవిడకి ఒక కప్పు కాఫీ కూడా ఇవ్వలేదు. అది నా తప్పు, అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. నన్నిక్కడే ఉండనిచ్చి ఉంటే ఇవాళ్టికీ ఈ గోడకే ఆనుకుని ఉండేవాణ్ణి. షోఘిక్ ఆ డబ్బాలోనే కుడుతూ ఉండేది. అయ్యా, మీరు నియమం తీసేస్తే, బయట ఎదురుచూసేవాళ్ళకి ఇక రావద్దని ఎవరు చెప్తారు? మీరు చెప్తారా?"

అధికారి కాగితాలు సర్దుకున్నారు. షోఘిక్ గారు తలెత్తి, గడువు నిండగానే గది ఖాళీ చేస్తానని చెప్పారు. నియమం నిలిచింది. సభ ముగిశాక మెట్ల దగ్గర వారిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మనకు తెలియదు. సాతెనిక్ గారు చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకోవడం మాత్రం చాలామంది చూశారు. అప్పటినుంచి కొత్తవారిని ఎంపిక చేసే సంఘంలో వాఘినాక్ గారు ఆమె పక్కనే కూర్చున్నారు, తరచుగా ఆమెతో వాదించారు కూడా.

2006లో సంచాలకులుగా పదోన్నతి పొందిన నాటి నుంచి ఆమె చేసిన సేవ మీ అందరి కళ్ళెదుట జరిగినదే. కంప్యూటరు ఆమెకు చివరిదాకా లొంగలేదు. పెన్సిలు మాత్రం ఎన్నడూ చేతినుంచి దిగలేదు. ఎవరు ప్రణాళిక తెచ్చినా, "ఇది కొనే మనిషి పేరు చెప్పు, ఊహల్లో మనిషి కాదు, మన వీధిలో మనిషి," అని అడిగేవారు. చెప్పలేని వారిని కించపరచకుండా వెనక్కి పంపేవారు, చెప్పగలిగి తిరిగి వచ్చిన వారి కోసం పాలకవర్గంతో పోట్లాడేవారు. ఇక్కడ పెరిగి వెళ్ళిన రొట్టెల బట్టీలు, చెప్పుల దుకాణాలు, జున్ను తయారీ శాలలు, కట్టుడు పళ్ళు చేసే ప్రయోగశాల నేడు పట్టణంలో ఎన్నో ఇళ్ళకు అన్నం పెడుతున్నాయి. నిలబడలేక మూతపడినవీ ఉన్నాయి. వాటి యజమానుల ఇళ్ళకు కూడా ఆమె వెళ్ళి కూర్చున్నారన్నది వారు చెబితేనే మనకు తెలిసింది.

ఈ సెప్టెంబరు ముప్పైయవ తేదీన సాతెనిక్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. మనలో ప్రతి ఒక్కరం ఏదో ఒక రోజున ఆమె మాటకు నొచ్చుకున్నవాళ్ళమే, ఆ మాట వల్లనే నిలబడినవాళ్ళమే. ఆ రుణాన్ని ఈ కొద్ది పంక్తులు తీర్చలేవని తెలిసే కృతజ్ఞతతో వీటిని సమర్పించుకుంటున్నాం.

సాతెనిక్ గారూ, మీ మోకాళ్ళ నొప్పులు తగ్గి, కొండవాలున రజ్మిక్ గారు పెంచుతున్న తోట దాకా మీరు సునాయాసంగా నడిచి వెళ్ళాలి. ఉదయాలు తొందర లేకుండా తెల్లవారాలి. మనుమరాళ్ళ పెళ్ళిళ్ళలో మీరు అలసిపోయేదాకా నాట్యం చేయాలి. ఆయురారోగ్యాలు మీ ఇంట దీర్ఘకాలం కాపురముండాలి. వాటికి మాత్రం మూడేళ్ళ గడువు పెట్టకండి.