కొత్త గౌను కొలత

పొద్దున్నే, ముందుగది. కిటికీ పక్కన కుట్టుమిషను మీద ఆవిడ, గుమ్మంలో రంగు బ్రష్షులు కడుక్కుంటూ ఆయన. పనికి టైమైపోతున్నా లేచే ఉద్దేశం ఇద్దరికీ లేదు.

"అది కాదే, సూటిగా చెప్పు. నిన్న రాత్రి పాప నీ కలలోకి వచ్చిందా, లేదా?"

"వచ్చిందన్నాగా బావా. ఎన్నిసార్లడుగుతావు?"

"ఏం చేసింది?"

"ఏం చేస్తుంది, ఆడుకుంది. మేడ మీద తాడాట. జడ ఊడిపోయిందని నా దగ్గరకొచ్చింది, వేశాను."

"తాడాటా?"

"ఊఁ."

"అది పోయిన నెల చెప్పావు. తాడాట, జడ ఊడటం, రిబ్బను దొరక్కపోవడం."

"చెప్పానా? అయితే మళ్ళీ వచ్చిందేమో. రోజుకో కొత్త కల అంటే ఎక్కణ్ణించి తేను?"

"తేవడమేంటి?"

"అబ్బా, మాటవరసకన్నాను. బ్రష్షులు ఎంతసేపు కడుగుతావు, వెంట్రుకలూడిపోతాయి. లే. మేస్త్రీ ఫోన్ చేస్తాడు."

"చెయ్యనీ. ఆ పొట్లం పారేశావా?"

"ఏ పొట్లం?"

"ఏ పొట్లమంటావేంటి! మానేసిన రోజు నీ చేతిలో పెట్టానే. నా చేత్తో పారెయ్యలేను, నువ్వే పారెయ్ అన్నానే."

"ఓ, ఆ గంజాయా? పారేశాగా. ఆ రోజే."

"ఎక్కడ?"

"ఎక్కడేంటి... కాలవలో. వెనక మురిక్కాలవలో. ఎందుకు, మళ్ళీ కావాలా?"

"కాదు."

"నా మొహం చూసి చెప్పు. నెల్రోజులు తక్కువ కష్టం పడ్డావా? ఆ చెమటలు, ఆ చిరాకు, అన్నం సయించకపోవడం, నిద్రలో లేచి గోడలు తడమడం... పరంజా మీద తూలడం మానేశావని మేస్త్రీ ఇప్పుడిప్పుడే నిన్ను పై అంతస్తు ఎక్కనిస్తున్నాడు. అదంతా నీళ్ళపాలు చేస్తావా?"

"కావాలనట్లేదే తల్లీ. ఊరికే అడిగాను."

"ఊరికే ఏదీ అడగవు నువ్వు. కల వచ్చిందా? భయమేసిందా?"

"కలలకేం, మానేసినప్పట్నించీ వస్తూనే ఉన్నాయి. డాక్టరు చెప్పలా? ఇన్నేళ్ళూ గంజాయి కింద తొక్కిపెట్టావు, ఆపేస్తే అన్నీ ఒకేసారి పైకొస్తాయి, కంగారు పడకు అని."

"వచ్చాయిగా. మేస్త్రీ నిచ్చెనెక్కి గుడ్లు పెట్టాడన్నావు."

"పొదిగాడు కూడా."

"ఆ రోజు ఎన్నాళ్ళకో నవ్వాం ఇద్దరం."

"మేస్త్రీ గుడ్ల కోసమా నేను మానేసింది?"

"కాదనుకో."

"నాకు పాప మొహం గుర్తు లేకుండా పోయిందే. ఫోటో చూస్తే ఫోటోయే గుర్తొస్తుంది, పిల్ల గుర్తు రాదు. అది పోయిన కొత్తలో రోజూ అదే కల కదా, ఆస్పత్రి కల. ఆ మంచం, ఆ సెలైను సీసా, జ్వరంతో కాలిపోతున్న ఆ చెయ్యి. అది రాకుండా ఉంటే చాలని మొదలెట్టాను. రెండు దమ్ములు లాగి పడుకుంటే, కళ్ళు మూశానంటే తెల్లారేది. మధ్యలో ఏమీ ఉండేది కాదు. ఆస్పత్రితో పాటు పిల్ల కూడా పోతుందని నాకేం తెలుసు?"

"నిన్నెవరన్నా తప్పు పట్టారా?"

"నువ్వేమో లేవగానే మొదలెట్టేదానివి. ఇవాళ పన్ను ఊగుతోంది, ఇవాళ నా మీద అలిగింది, ఇవాళ నా చెప్పులేసుకుని నడిచింది. పెరుగుతోంది బావా అనేదానివి. భుజం ఇంతయింది, నడుం ఇంతయింది అని దర్జీ లెక్కలు చెప్పేదానివి. పుట్టినరోజు పుట్టినరోజుకీ ఆ కొలతతో గౌను కుట్టి బీరువాలో పెట్టేదానివి. నేను గడ్డం గీసుకుంటూ వినేవాణ్ణి. కడుపు రగిలిపోయేది, తెలుసా? ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటాం, కూతురు దీనికొస్తుంది, నాకు రాదు."

"అందుకేగా మానేశావు. మంచిదేగా."

"మంచిదే. ఆ మిషను మీద ఉన్నది ఈ ఏడాదిదేనా?"

"ఊఁ. ఎల్లుండేగా పుట్టినరోజు."

"ఇలా తే."

"చేతులు చూసుకో. రంగంటుతుంది."

"తుడుచుకున్నాలే, తే... పొట్టిగా ఉంది."

"పొట్టేంటి? గోడలకి రంగులేసేవాడివి, గౌన్ల సంగతి నీకేం తెలుసు?"

"ఎనిమిదేళ్ళు వస్తున్నాయి దానికి. ఇది మోకాళ్ళ పైకి పోతుంది."

"ఇప్పుడదే ఫ్యాషను."

"నువ్వు లేవకముందు బీరువా తీశాను. పోయినేడాది గౌను దీని పక్కన పెట్టి చూశాను. అదే పొడుగు, అదే భుజం. వేలెడు కూడా పెరగలేదు."

"గుడ్డ చాల్లేదు."

"కింద పడుందిగా బోలెడు ముక్క."

"ఏంటి బావా, పొద్దున్నే పోలీసోడిలా నా ప్రాణం తీస్తున్నావు? కలలు అడుగుతావు, కాలవ అడుగుతావు, ఇప్పుడు కొలతలా? నీకేమైందివాళ?"

"పాప వచ్చింది నాకు."

"ఎప్పుడు?"

"నిన్న. మొన్న కూడా. వారం నుంచీ వస్తోంది."

"వారం నుంచా? మరి చెప్పలేదేం! ఇంతకాలం దీనికోసమేగా ఏడ్చావు, వస్తే చెప్పవా నాకు? మొహం కనిపించిందా? మొహం చూశావా?"

"చూశాను. పై పెదవి మీద పుట్టుమచ్చ. అదొకటుందని మర్చేపోయానే నేను."

"చుక్కంత."

"చుక్కంత. ఏడుపొచ్చేసింది కలలోనే. పొడుగైంది. నా ఛాతీ దాకా వచ్చేసింది. ఈ గౌను దానికి చాలదు."

"ఆడుకుంటోందా?"

"లేదు."

"మరేం చేస్తోంది?"

"నిలబడుంది."

"నిలబడి?"

"నిలబడుందంతే. ఈ గదిలోనే. ఇక్కడే, నీ మిషను పక్కన. పిలిచాను, రాలేదు. మేస్త్రీ గుడ్ల కథ చెప్పాను, నవ్వలేదు. చేతులు రెండూ ఇలా బార్లా చాపుకుని... ఏమైందే? మొహం అలా పాలిపోయిందేంటి?"

"ఏం లేదు. దారం... దారం తెగింది. ఏమన్నా అందా?"

"అసలు మిషను తొక్కితేగా దారం తెగడానికి."

"ఏమందో చెప్పు."

"ముందు నువ్వు చెప్పు. పొట్లం ఎక్కడుంది?"

"కాలవలో అన్నాగా..."

"వెనక బాల్కనీలో రోజూ వాసనొస్తోంది. అడిగితే పై ఇంటివాడు తాగుతున్నాడన్నావు."

"అవును, వాడే. ఆ పోకిరీ..."

"వాడు పై ఇల్లు ఖాళీ చేసి పోయి పదిరోజులైందట. గోడలకి రంగులెయ్యమని ఓనరు మొన్న నన్నే పిలిచాడు. పై గదులన్నీ తిరిగొచ్చాను. అగరొత్తి వాసన కూడా లేదక్కడ. మూడేళ్ళు దాంతో కాపురం చేశానే. నాకు తెలీదా ఆ వాసన?"

"గుండీల డబ్బాలో ఉంది."

"ఎంత?"

"కొంచెం. అడుగున."

"ఎందుకే?"

"పారేద్దామనే వెళ్ళాను బావా. ఒట్టు. కాలవ దాకా వెళ్ళాను. చెయ్యి రాలేదు."

"నాకంటే కల అంటే భయం. నీకేం? నీకు రోజూ పాప వస్తుంటే నీకెందుకది?"

"వస్తుంటేనే."

"అర్థమయ్యేట్టు చెప్పు."

"నీకు చెప్పినవన్నీ నిజమే. తాడాట నిజం, పన్ను నిజం. చివర మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. తెల్లారబోయే ముందు దానికి తెలిసిపోయేది, అమ్మ వెళ్ళిపోతుందని. వచ్చి నా కుచ్చెళ్ళు పట్టుకునేది. అమ్మా వెళ్ళకు, ఇంకాసేపు, ఇంకాసేపు... ఆ వేళ్ళు విడదీసుకుని రావాలి. నేను. నా చేత్తో, ఒక్కో వేలూ. లేచి మొహం కడుక్కుని, నీకు టీ ఇచ్చి, నవ్వుకుంటూ తాడాట చెప్పాలి."

"చివర కూడా చెప్పుండొచ్చుగా!"

"ఎలా చెప్తాను? తాడాట వింటేనే నీ మొహంలో కాస్త కళొచ్చేది. చివర చెప్తే నువ్వు మానేసేవాడివా? ఇంకో పొట్లం ఎక్కువ తెచ్చుకునేవాడివి. నీకది ఒక్కసారే పోయింది బావా. నాకు రోజూ పోయేది. రోజూ పొద్దున్నే."

"పిచ్చిదానా..."

"ఒక్క రాత్రి నిద్రపోదామనుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి. నువ్వు చెప్పినట్టే అయింది. కళ్ళు మూశాను, తెల్లారింది. కుచ్చెళ్ళు ఎవరూ పట్టుకోలేదు. ఎంత హాయిగా ఉందో చెప్తే కొడతావు నన్ను. ఇంకొక్కటి అనుకున్నాను. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాను."

"అప్పట్నించీ రాలేదు నీకు."

"రాలేదు. వచ్చినా నాకు తెలీడం లేదో ఏమో. అందుకే పాతవి తిప్పి తిప్పి చెప్తున్నాను. కొలత తెలీలేదు, పోయినేడాది కాగితమే పెట్టి కత్తిరించాను. కన్నతల్లినై ఉండి... తిట్టు. తిట్టవేం?"

"నిన్నేమని తిడతానే? నీకు నేర్పింది నేనేగా."

"గౌను చూసి కనిపెట్టావా?"

"గౌను ఇవాళేగా చూసింది."

"వాసనా?"

"కాదు. పై ఇల్లు చూసొచ్చేదాకా వాడిదే అనుకున్నాను."

"మరి పై ఇంటికి పని కోసమే వెళ్ళావా, చూడ్డానికి వెళ్ళావా?"

"చూడ్డానికే. అనుమానమొచ్చి."

"ఎలా వచ్చింది అనుమానం?"

"వచ్చింది."

"ఎవరన్నా చెప్పారా? నేను బాల్కనీ తలుపేసుకునేదాన్ని. ఎవరూ చూళ్ళేదు. ఎవరు చెప్పారు బావా?"

"వదిలెయ్. ఆ డబ్బా ఇలా తే, నేనే పారేస్తాను. ఇప్పుడు పారెయ్యగలను."

"పాప ఏమందో చెప్పలేదు నువ్వు."

"ఏం లేదులే."

"మాట్లాడిందా?"

"మేస్త్రీ ఫోన్ చేస్తాడు, లేవనీ నన్ను."

"కూర్చో. ఏమంది?"

"వద్దే. నా మాట విను."

"నా మీద ఒట్టు. ఏమంది?"

"ఎత్తుకోబోయాను. వద్దు నాన్నా, కదిలితే అమ్మ తిడుతుంది అంది. చేతులు చాపి నిలబడు, కొత్త గౌనుకి కొలత తీస్తాను, కదిలావో ఊరుకోను అన్నావట. టేపు తెచ్చుకుంటానని వెళ్ళావట."

"అది... అది నేను నీకు చెప్పలేదు. నా చివరి కలది. ఎవరికీ చెప్పలేదు."

"తెలుసు."

"టేపు నా మెళ్ళోనే ఉంది బావా. చేతులు చాపి ఉంటే కుచ్చెళ్ళు పట్టుకోదని... ఆ ఒక్కరోజన్నా వేళ్ళు విడదీయక్కర్లేదని... అలా నిలబెట్టి వచ్చేశాను. ఇంకా అలాగే ఉందా? వారం నుంచీ? ఏమంటోంది, అమ్మ ఎక్కడికి పోయింది అంటోందా? తిడుతోందా నన్ను?"

"తిట్టట్లేదు. రోజూ ఒకటే అడుగుతోంది. అమ్మ నిద్రపోయిందా నాన్నా, చేతులు నొప్పెడుతున్నాయి, కాసేపు దించనా అని."