రంగుల మావయ్య పట్టించిన చిలుము

రంగుల మావయ్య నోరు విప్పితే టీ కొట్టులో గ్లాసులు చల్లారిపోతాయి. గోడలకు రంగులేసి బతికే మనిషే గాని, ఆయన మాటల్లో వింటే లోకంలో ఆయన చెయ్యి పడని పనే లేదు. ఆ సాయంత్రం ఎదుటి బల్ల మీద టైలరమ్మ కూర్చుని ఉండటంతో గొంతు ఇంకాస్త పెంచాడు.

ఆమె అవసరం అలాంటిది. వాళ్ల నాన్న స్వయంగా కొట్టి వీధి తలుపు పైన బిగించిన రాగి రేకు చూరు, ఏళ్ల తరబడి వానకు తడిసి ఆకుపచ్చగా చిలుము పట్టింది. మొన్నటి గాలివానకు సగం ఎగిరిపోయింది. కొత్త రేకు కొనుక్కొచ్చింది గాని, పాతదాని పక్కన పెడితే కళ్లలో పొడిచేలా మెరుస్తోంది. నాన్న చేతిపనికి అతుకు కనబడకూడదని ఆమె బెంగ. కొత్తదానికీ చిలుము పట్టిస్తానన్న మావయ్యను నమ్మీ నమ్మలేక, నమూనాకని రేకులోంచి ఓ ముక్క కోసి ఇచ్చింది. ఆయన దాన్ని సంచిలో పెట్టుకునే వచ్చాడు, బయటికి మాత్రం తియ్యడు.

"తొందరపడకమ్మాయ్, ముందు విను. ఓసారి ఒకాయన వాననీళ్లు పోయే కొత్త రాగి గొట్టం తెచ్చి, దీన్ని పాతదానిలా చెయ్యి మావా అన్నాడు. ఉప్పూ వెనిగరూ కలిపి రాశా, మూతేసి పెట్టా, తెల్లారేసరికి ఆకుపచ్చ. అంతే."

"అంతేనా?" అన్నాడు టీ కొట్టు బాబాయ్, ఈయన అంతేతో ఆగడని తెలిసీ.

"అంతే అయితే నేనెందుకు చెబుతా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొట్టాన్ని గోడకి బిగించామా, ఆ ఘాటు తగిలి గోడకీ వయసొచ్చేసింది. నిన్న కట్టిన గోడ, నాచు పట్టి, నడుం వంగి, దగ్గడం ఒక్కటే తక్కువ. నిచ్చెన పట్టుకున్న తాపీమేస్త్రీకి నెత్తి నుంచి మీసాల దాకా నెరిసిపోయింది. పెళ్లిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి లేచి కుర్చీ వేసి, పెళ్లికొడుకు ఏడండీ పెద్దాయనా అన్నాడు."

"మరి మీకేం కాలేదే?" అన్నాడు బాబాయ్.

"నేను గాలివాటం చూసుకుని నిలబడతా. పనితనమంటే అదే మరి. ఇంకా విను. పురావస్తు శాఖ వాళ్లొచ్చి, భూతద్దాలు పెట్టి చూసి, ఇది వెయ్యేళ్ల నాటి ఇల్లని తేల్చారు. చుట్టూ కంచె కట్టి ఇంటాయన్నే బయట నిలబెట్టారు. ఇప్పుడాయన తన వంటింట్లోకి పోవాలన్నా టిక్కెట్టు కొనాలి. ఆకలేసి గిన్నె మూత తియ్యబోతే కాపలావాడు ఈల వేస్తాడు."

బల్లల మీదున్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. "మావయ్యా, ముందు నా ముక్క చూపించండి," అంది.

ఆయన మహా ఠీవిగా సంచిలోంచి తీశాడు. నిజంగానే ఆకుపచ్చగా ఉంది. ఒక్క క్షణం నాన్న చూరే చేతికొచ్చినట్టయింది ఆమెకు. మురిపెంగా అంచు మీద వేలు రాసింది. గోటికేదో తగిలింది. రోజూ కుట్లు విప్పే చెయ్యి ఊరుకుంటుందా, మెల్లగా లాగింది. ఆకుపచ్చంతా ఒక్క పొరగా ఊడొచ్చింది. కింద రాగి తళతళలాడుతోంది.

రేకు మీద గీతలు పడకుండా షాపువాళ్లు అంటించిన ప్లాస్టిక్ పొర అది. మావయ్య దాన్ని తియ్యకుండానే ఉప్పూ వెనిగరూ రాసి, ఎంతకీ రంగు మారకపోయేసరికి, ఎవరింట్లోనో మిగిలిన కిటికీల ఆకుపచ్చ పెయింటు పూసేశాడు.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రేకంతా ఈయన చేతిలో పెట్టలేదు, బతికిపోయాననుకుంది. ఆ ఆకుపచ్చ పొరను జాగ్రత్తగా మడతపెట్టి, టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్న మావయ్య ఒళ్లో పెట్టింది.

"దాచుకోండి మావయ్యా. ఆ పురావస్తు శాఖ వాళ్లు మళ్లీ వస్తే చూపిద్దురు గాని. వెయ్యేళ్ల నాడే ప్లాస్టిక్ ఉండేదని పాపం వాళ్లకింకా తెలిసినట్టు లేదు."