మూలుగలో నిద్ర

కొల్హాపూర్‌లో భోజనాల మెస్ నడిపే హౌసాబాయి, క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ ముక్త ఎదుట కూర్చుంది. ముక్త ఆమెను మరాఠీలో తాయీ, అంటే అక్కా, అని పిలుస్తూ ముందుగా రిపోర్టు సంగతి చెప్పింది.

"తాయీ, రొమ్ము ఆపరేషనై ఆరేళ్లయింది. స్కానింగులో ఏమీ లేదు. కానీ తుంటి ఎముక మూలుగలో కొన్ని క్యాన్సర్ కణాలు దొరికాయి."

"అంత మందు ఎక్కించారు కదా డాక్టర్‌బాయీ, చావలేదా?"

"ఆ మందు ముఖ్యంగా వేగంగా పెరిగే కణాలనే చంపుతుంది. ఇవి పెరగడం మానేసి నిద్రపోయాయి."

"తిండి లేకుండానా?"

"తమ లోపలి పాత సరుకునే అరిగించుకుని బతుకుతున్నాయి. ఎప్పుడైనా లేచి, రక్తంలో కలిసి వెళ్లి ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టొచ్చు. లేవకపోనూ వచ్చు."

"ఆ తిండి ఆపలేరా?"

"ఒక పాత మలేరియా మాత్ర ఆపుతుందేమోనని పరీక్షిస్తున్నాం. మీరు చేరితే అసలు మాత్ర వస్తుందో, మందు లేని ఉత్తిది వస్తుందో నాక్కూడా తెలీదు. అసలుది వచ్చినా పనిచేస్తుందని మాటివ్వలేను."

"మళ్లీ ఎముకలో సూదా?"

"తప్పదు. పోయినసారి ఏడ్చారు మీరు."

"ఈసారీ ఏడుస్తాను. మీరు మాత్రం ఆపకండి."

"ఇంట్లో అడగరా?"

"మా ఆయన నిద్రపోయేవాటిని కదపొద్దంటాడు. పాలు పొంగినా కదలని మనిషి ఆయన."

"ఉత్తి మాత్ర వస్తే బాధపడరా?"

"పోల్చి చూడ్డానికి అవీ కావాలి కదా?"

"కావాలి."

"మా అక్కకి ఇదే జబ్బు, ఆపరేషనైన తొమ్మిదో ఏట తిరగబెట్టింది. ఎందుకని అడిగితే ఇక్కడ అందరూ తెలీదన్నారు. నా తర్వాత వచ్చేవాళ్లతో మీరు ఆ మాట అనకూడదు. ఎప్పుడు రమ్మంటారో చెప్పండి."

"సోమవారం రండి తాయీ."