రాజయ్యేక

చోడవరం, 1972. చెరుకు సొసైటీ ప్రెసిడెంటుగారి డాబా. పరీక్షకు ఇంగ్లీషు నాటకం చదువుతున్న ఆయన కొడుకు సత్యారావు, అతనికి తాగుడు నేర్పిన పరదేశి.

"...అయితే యువరాజుకి తాగుడు నేర్పిన ఆ బొజ్జోడు యుద్ధంలో సచ్చేడా, లేదా?"

"చావలేదు. చచ్చినట్టు పడుకున్నాడు."

"ఓరి నాయనో! మనోడేరా సత్యం! ఆ నాటకం రాసినోడెవడో మా రావికమతం వచ్చి నన్ను సూసెళ్ళుంటాడు."

"నవ్వకు పరదేశి మావా. యువరాజు గుణగణాలు రాయమంటారు రేపు పరీక్షలో."

"గుణాలేటి? పగలు నిద్ర, రాత్రి తాగుడు. నీ గురించి రాసెయ్, ఫస్టు క్లాసు."

"ఆడు మారతాడు మావా. తండ్రి మంచం పట్టేక బాధ్యత తెలుస్తది."

"నీకు తెలిసిందా?"

"తెలీకేటి? ఎవరి చెరుకు ముందు నరకాలో, ఎవరిది తర్వాతో, ఈ ఏడు కటింగ్ ఆర్డర్లు నన్నే రాయమన్నాడు నాన్న."

"అదే, దాని గురించే వొచ్చేను. నా చెరుకు..."

"ముందు కథ విను."

"సెప్పు, సెప్పు."

"యువరాజు రాజయ్యేడు. ఇంక రాజ్యం మనదేనని బొజ్జోడు ఎగురుకుంటూ వచ్చేడు. దారికడ్డంగా నిలబడి, అందరిముందూ 'ఒరే నా బంగారుకొండా' అన్నాడు."

"రాజేటన్నాడు?"

"నువ్వెవరో నాకు తెలీదన్నాడు. దగ్గరకి రానివ్వొద్దన్నాడు."

"బాగా సేసేడు!"

"ఏటీ?"

"బాగా సేసేడంటన్నా. రాజుని పట్టుకుని పదిమందిలో ఒరే అంటాడేటి, బుద్ధుండక్కర్లేదా? తాగినప్పుడు నేస్తం గాని, రాజయ్యేక నేస్తమేటి? అలాటోళ్ళని అందలమెక్కిస్తే ఊరు గుల్లయిపోద్ది."

"నిజంగా అంటన్నావా?"

"మాయమ్మ తోడు."

"మావా... నీకో మాట చెప్పాల."

"నా చెరుకు గురించేనా? ఎండిపోతంది రా. పూతకొచ్చీసింది. తొలి ఆర్డరు నీదే మావా అన్నావు. మా ఆడది రోజూ నీ పేరే తలుస్తంది."

"తొలి ఆర్డరు అచ్చియ్యమ్మకి రాసేసేను. మొన్ననే నాన్న చేతికిచ్చేను, ఆవిడకి పంపమని."

"ఏటీ?"

"ఆవిడ ముందు నాటింది. మొగుడు పోయి ఒక్కర్తీ సాగు చేస్తంది. నీది నెల్లాళ్ళాగాల."

"నెల్లాళ్ళాగితే పిప్పి మిగుల్తాది!"

"తెలుసు మావా. తెలిసే అంటన్నాను. నేస్తమని నీకిచ్చేస్తే రేపు నా మాట ఎవడింటాడు?"

"ఒరే సత్యం..."

"ఇంకమీదట సొసైటీ దగ్గర ఒరే అనకు."

"ఎత్తుకు తిప్పేను రా నిన్ను!"

"తిప్పేవు. నాకు చాలా కష్టంగా ఉంది మావా. అయినా కాదనే అంటన్నాను. బాగా చేసేడని నువ్వే అన్నావు కదా."

"ఆడు రాజు! నువ్వు బి.ఏ. తప్పినోడివి!"

"వెళ్ళిపో మావా."

"ఏడుస్తన్నావేటి?"

"లేదు. వెళ్ళిపో."

"ఊరుకో బాబూ, ఊరుకో. నిన్ను ఏడిపించింది సాలు."

"బాబూ ఏటి? ఎందుకు నవ్వుతన్నావు?"

"నా చెరుకు నిన్ననే నరికించేసేరు మీ నాన్నగారు. ఆయన ట్రాక్టరు మీదే మిల్లుకెళ్ళిపోనాది. 'మావోడి దగ్గరకెళ్ళి ఏడు, కాదన్నాడంటే పెద్దోడయినట్టే, వచ్చి నాకు కబురు సెప్పు' అన్నారు. ఎల్లి సెప్తాను, పెద్దోడయిపోనాడని."

"నేను ఆర్డరు రాయలేదు కదా! ఆర్డరు లేకుండా మిల్లోళ్ళెలా తీసుకున్నారు?"

"లేకపోడమేటి బాబూ? అచ్చియ్యమ్మకి రాసేవు కదా, దాని మీదే నా చెరుకు తోలించేసేరు."