మగ్గు మెడ దగ్గర చార

అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు ఎక్కడైనా తప్పిపోయి ఉంటే మన్నించండి. చెయ్యి మెల్లగా నడుస్తుంది కాబట్టి ఎవరు ఎలా ఉన్నారో, ఏం కట్టుకున్నారో రాయలేదు. మాటలు మాత్రం రాశాను.

సాయంత్రం. వంటింటి సింకు దగ్గర అత్తా కోడలూ. కొడుకు పని నుంచి వచ్చి, రోజూ టీ పోయించుకుని పట్టుకెళ్ళే సన్నమెడ స్టీలు మూతమగ్గు సింకులో పెట్టి స్నానానికి వెళ్ళాడు.

“ఇలా ఇవ్వండత్తయ్యా, నేను తోముతాను.”

“తోముతున్నాగా. మగ్గు కాదిది, మొండిఘటం. లోపలికి చెయ్యి పట్టదు, పట్టిన మరక వదలదు.”

“అందుకే ఇవ్వమంటున్నా. స్టీలు పీచు పెట్టారా ఏంటి? గీతలు పడతాయి. గీతల్లోకి టీ దూరిందంటే ఇక ఈ జన్మకి పోదు.”

“పీచు పెట్టలేదే. వంటసోడా రెండు చెంచాలేసి, మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టకుండా కాసేపు వదిలేశాను.”

“సోడా ఇంకా ఉందా?”

“అడుగూ బొడుగూ ఉంది. అదే అడుగుదామనుకుంటున్నా. మొన్ననేగా కొత్త పొట్లం విప్పాం. ఈ ఇంట్లో సోడా ఎవరు తింటున్నారమ్మాయ్?”

“నేనేం తియ్యలేదు.”

“నువ్వు తీశావని నేనన్నానా? గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.”

“మరి వెనిగర్ సీసా కూడా సగమైంది. అది మాత్రం నేను కాదు.”

“అది... నేను.”

“మీరా? ఎప్పుడు?”

“పొద్దున్నే, మీరు లేవకముందు.”

“రోజూనా?”

“రోజూ. నువ్వు?”

“ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు. ఇవాళ మీరు ముందొచ్చేశారు.”

“అదీ సంగతి. సగం నువ్వు వదిలిస్తే మిగతా సగం నేను వదిలిస్తున్నానన్నమాట. ఎదురుపడకుండా భలే కాపురం చేస్తున్నాం.”

“ఇద్దరం తోమినా పోవట్లేదేంటత్తయ్యా?”

“పోతోంది. పొద్దున పోతోంది, సాయంత్రానికి మళ్ళీ వస్తోంది. ఇటు రా. కిటికీ వైపు తిప్పి పట్టుకో. ఎక్కడుంది చార?”

“మెడ దగ్గర.”

“ఒక్కటేనా?”

“వదిలేయండి అత్తయ్యా.”

“తాగేవాడి మగ్గులో చారలు మెట్లలా దిగుతాయి. రెండు గుక్కలకో మెట్టు. ఇందులో ఒక్కటే ఉంది. నువ్వు పొద్దున ఎక్కడిదాకా పోశావో, సరిగ్గా అక్కడే.”

“టీ రుచిగా లేదేమో. పొడి మార్చి చూద్దాం.”

“నేనూ మార్చాను. మీ మామయ్య గ్లాసులో ఇదే చార చూసి మూడు రకాల పొడి మార్చాను. నా చేతి టీ మొహం మొత్తిందా అని నాలుగు రోజులు అలిగాను కూడా. గొంతులో పుండని తేలేసరికి మంచినీళ్ళు కూడా దిగడం మానేశాయి.”

“బెల్టుకి కొత్త చిల్లు పెట్టుకున్నారు. మేకు కాల్చి. నేను చూడలేదనుకున్నారు.”

“అడిగావా?”

“ఏమని అడగను? పది అంతస్తుల ఎత్తున క్రేను గదిలో కూర్చునే పని. డాక్టరు కాగితం మీద ఒక్క ముక్క రాస్తే మళ్ళీ ఆ నిచ్చెన ఎక్కనివ్వరు. కిందికి దిగితే నేను దేనికి పనికొస్తానే అన్నారోసారి. మీరు అడగండి. తల్లి కదా.”

“నువ్వడుగు. పెళ్ళానివి కదా.”

“మీరు పెద్దవారు.”

“పెద్దదాన్నే. వాళ్ళ నాన్నని అడిగిందీ నేనే. అడిగేదాకా మనిషి తిరుగుతూనే ఉన్నాడు. అడిగిన మర్నాడు పడుకున్నాడు, ఇక మంచం దిగలేదు. నేను అడక్కపోయుంటే ఇంకొన్నాళ్ళు తిరిగేవాడేమోనని...”

“అలా ఉంటుందా ఎక్కడైనా?”

“ఉండదు. నాకూ తెలుసు. అయినా నోరు రావట్లేదే.”

“అందుకని ఇలా తోముతూ కూర్చుందామా?”

“ఇంకేం చేతనవుతుంది నాకు?”

“ఉష్. నీళ్ళు ఆగాయి. వస్తున్నారు.”

“ఏంటి, అత్తాకోడళ్ళిద్దరూ ఒక్క మగ్గు మీద పడ్డారు?”

“మరక పోవట్లేదురా.”

“పోకపోతే ఏం? దాంట్లో టీ తాగాలా, మొహం చూసుకోవాలా?”

“గొంతేంట్రా అలా ఉంది?”

“పైన గాలి గట్టిగా వీస్తోందమ్మా. అరిచి అరిచి బొంగురుపోయింది.”

“ఏమండీ, ఇవాళ టీ... బాగుందా?”

“అమృతం. నేనే చెబుదామనుకుంటున్నా. పదకొండింటికల్లా అయిపోతోంది. చివరి చుక్కకి మగ్గు బోర్లించుకుంటున్నాను. కాస్త పెద్ద మగ్గు కొనండి.”

“పెద్దదా?”

“దీనికి రెండింతలు ఉండాలి. ఏంటి, ఇద్దరూ అలా చూస్తారు?”

“ఏం లేదు నాన్నా. కొందాం. పెద్దదే కొందాం.”

రాసింది: అందరూ కుట్టుమిషను మామ్మ అంటారు. అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఆ ఇంట్లోనే కోడలూ నేనూ, ఇద్దరమే ఉంటున్నాం. పెద్ద మగ్గు కొన్నాం. దానికి మరక పట్టలేదు.